ఆ పిల్లకి నోరు లేదా?

కొత్తిమీర తరగడం మై న్యా వంతు. బావగారి పసిబిడ్డకి, మోంగ్ వాళ్ళ ఆనవాయితీ ప్రకారం, ఒంట్లోకి ఆత్మను పిలిచే వేడుక. తెల్లారేసరికి ఈ అమెరికా ఊళ్ళో, సెయింట్ పాల్‌లో ఉన్న చుట్టాలంతా దిగారు. హాల్లో మగవాళ్ళ మొదటి బంతి, గ్యారేజీలో ఆడవాళ్ళ కత్తులూ చెక్కలూ. పదేళ్ళ కాపురంలో ఆమె మొదటి బంతిలో కూర్చున్నదే లేదు.

ఈ పూట మాత్రం మనసు కొత్తిమీర మీద లేదు. ఆరేళ్ళుగా పిల్లల్ని బడి దగ్గర దింపి, కారులోనే కూర్చుని, ఎదిగే పిల్లల కోసం ఓ ఇంగ్లీషు నవల రాసింది. "పిల్లల పుస్తకమేగా, దానికింత హడావిడా?" అంటాడు భర్త కోంగ్‌మెంగ్. అందులో పాకూ అనే, తమలాగే లావోస్ నుంచి వచ్చిన మోంగ్ కుటుంబపు పిల్లని బడి భోజనాల గదిలో "మీ దేశం పో" అంటారు. పక్కనున్న తెల్లపిల్ల ఎమిలీ లేచి వాళ్ళ నోరు మూయించాలనీ, మోంగ్ మాట ప్రతిదానికీ కింద అర్థం రాయాలనీ ఎడిటరమ్మ పట్టు. లేకపోతే పాఠకులకి ఎక్కదట. మై న్యా తలవంచుకుని అలాగే మార్చేసింది. మార్చిన ప్రతి ఫోన్లోనే ఉంది, సాయంత్రంలోగా పంపాలి.

"ఏముంది కోడలా, ఆ ఫోన్లో? మాటిమాటికీ చూస్తున్నావు" అంది అత్తగారు కోడిని ముక్కలు కొడుతూ. అక్షరం రాని మనిషి. తప్పించుకోలేక మై న్యా ఆ ఘట్టాన్ని తమ భాషలో చెప్పింది. కత్తుల చప్పుడు ఆగిపోయింది.

"ఇంతకీ పాకూ ఏమంది?"

"ఏమీ అనలేదత్తయ్యా. ఎమిలీ అంది."

"అదేం? ఆ పిల్లకి నోరు లేదా? నన్నూ అన్నాడొకడు, బియ్యం కొట్లో. నీ మొగుడు చంకలో ఉన్నాడు. యుద్ధానికి పారిపోయి వస్తూ నది దాటుతుంటే నా చెల్లెలు నీళ్ళలో పోయింది, దాన్ని తెచ్చివ్వు, ఇప్పుడే పోతానన్నాను."

"ఇంగ్లీషులోనా?"

"నాకెక్కడిదే ఇంగ్లీషు! మన మాటే. వాడికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా పక్కకి తప్పుకున్నాడు."

మామగారి ఎదుట ఏనాడూ గొంతెత్తని ఈ మనిషి, ఇంత గుండెని లోపల పెట్టుకుని పదేళ్ళుగా తన పక్కనే కోళ్ళు కొడుతోందా! మై న్యా ఆమెని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏమే, అన్నం ఏదీ? పెద్దలు కూర్చుని ఉన్నారిక్కడ!" హాల్లోంచి కోంగ్‌మెంగ్ కేక.

"గిన్నెలో ఉంది. వచ్చి పట్టుకెళ్ళండి."

తోడికోడలు కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఇంకో కోడిని చెక్క మీదకి లాగింది.

మై న్యా చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఎమిలీ మాటలన్నీ కొట్టేసింది. నదిలో పోయిన మా అవ్వ చెల్లెల్ని తెచ్చివ్వమని పాకూ చేత అడిగించింది, అత్తగారి భాషలోనే. కింద అర్థం రాయలేదు.