రెండు రిమోట్లు, ఒక విమానం

"ల్యాండింగ్ అయిపోయిందక్కా, మొత్తం నా చేతి మీదే" అని అద్దాలాయన ఫోన్లో అరిచేసరికి, అవతల అక్క మిక్సీ తిప్పుతోంది. మాట తోకను మిక్సీ రుబ్బేసింది. అక్క చెవికి చేరింది ఇది: "ల్యాండ్ అయిపోయిందక్కా, మొత్తం నా పేరు మీదే."

అక్క మిక్సీ ఆపేసి స్టూలు మీద కూర్చుంది. తోడబుట్టినవాడు. చొక్కా కొనుక్కున్నా ఫోటో పంపి రంగు బావుందా అని అడిగేవాడు. అలాంటివాడు గుట్టుచప్పుడు కాకుండా స్థలం కొనేశాడు.

"ఎక్కడరా?" అంది.

"ఊరి చివర, పాత ఇటుకల బట్టీ వెనకాల మైదానం. వచ్చే ఆదివారం బావగారితో వచ్చి నీ కళ్ళతో చూడు."

"బావుంది" అంది అక్క. ఆ 'బావుంది'లో బావున్నది ఏమీ లేదు. కానీ ఆనందంలో ఉన్నవాడికి చెవులు సగమే పనిచేస్తాయి కదా, అద్దాలాయన దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాడు.

అద్దాలాయన అంటే కళ్ళజోళ్ళ షాపాయన. దూరపు చూపు ఆననివాళ్ళకీ, దగ్గర చూపు ఆననివాళ్ళకీ చూపు దిద్ది పంపడం ఆయన పని. వానాకాలమంతా షాపు వెనక గదిలో, కటకాలు అరగదీసే మిషన్ పక్కనే కూర్చుని ఆయన ఒక విమానం కట్టాడు. రెండంతస్తుల రెక్కలది, బైప్లేను. అగ్గిపుల్లకన్నా తేలికైన చెక్కతో అస్థిపంజరం, దాని మీద పసుపుపచ్చ ప్లాస్టిక్ పొర. ఆ పొర ముడత లేకుండా అంటుకోవాలంటే ఇస్త్రీ పెట్టె వేడి సరిగ్గా ఉండాలి. ఆ వేడి చూసింది ఆయన భార్య. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య నిలబెట్టిన పుల్లల్ని కళ్ళజోడు స్క్రూలతో బిగించాడు. పూర్తయిన రోజున దాన్ని కౌంటర్ మీద పెట్టుకుని, చూపు పరీక్షకొచ్చిన ప్రతివాణ్ణీ "ముందు దీన్ని చదవండి" అనేవాడు. రెక్కలు విమానానికొచ్చాయో ఆయనకొచ్చాయో తెలిసేది కాదు.

కట్టడమైతే కట్టాడు గానీ ఎగరేయడం రాదు. నేర్పడానికి బావమరిది, భార్య తమ్ముడు, దొరికాడు. వాడు లిఫ్ట్ మెకానిక్, మనుషుల్ని ఎక్కించి దించడమే వాడి బతుకుతెరువు. ఆ మైదానంలో విమానాలెగరేసే నలుగురైదుగురిలో వాడి చెయ్యే చెయ్యి. అందుకని అద్దాలాయన వాణ్ణి ముద్దుగా 'గురులిఫ్టూ' అని పిలిచేవాడు.

నేర్పే పద్ధతి ఇది. రిమోట్లు రెండు. ఒకటి గురువు మెడలో, ఒకటి శిష్యుడి చేతిలో. విమానం వినేది గురువు రిమోట్ మాటే. గురువు తన రిమోట్ మీదున్న ఒక స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకున్నంతసేపూ పెత్తనం శిష్యుడిది. వేలు తీస్తే ఆ క్షణమే గురువుది. కారు స్టీరింగ్ అయితే చేతికి తెలుస్తుంది, ఇక్కడ ఏమీ తెలియదు. పుల్లల్లాంటి మీటలు రెండు, అవి కదిలిస్తే ఆకాశంలో ఏదో జరుగుతుంది, అంతే. ఎవడు కదిలిస్తే జరిగిందన్నది ఆ వేలికే తెలుసు.

అక్కకి ఫోన్ చేసిన ఆ ఆదివారం బావమరిది అన్నాడు: "బావా, ఇవాళ దిగేదాకా వేలు తియ్యను. నీదే భారం."

బైప్లేనుని దించడం మామూలు విషయం కాదు. అన్ని రెక్కలూ, అన్ని పుల్లలూ గాలికి అడ్డం. మోటారు పూర్తిగా తగ్గించారా, జారుకుంటూ రాదు, తడిసిన గోనెసంచిలా పడుతుంది. చక్రాలు నేలకి ఆనేదాకా కాస్త మోటారు తిరుగుతూనే ఉండాలి. పైగా మనవైపుకి వస్తున్నప్పుడు అద్దంలో చూసినట్టు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అద్దాల వ్యాపారం చేసేవాడికి కూడా ఆ అద్దం తికమకే. అయినా ఆ రోజు విమానం వంపు తిరిగి, ముక్కు కాస్త ఎత్తుకుని, గడ్డిని నిమిరినట్టు దిగింది. అద్దాలాయన రిమోట్‌ని గడ్డి మీద పెట్టేసి జేబు తడుముకున్నాడు. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు. "నిజమా" అంది ఆవిడ. ఎంత తియ్యగా అందో. తర్వాత ఫోన్ అక్కకి.

వారమంతా ఆయన షాపులో నేల మీద నడవలేదు. కళ్ళజోడు తొడుక్కున్న ప్రతివాడికీ ల్యాండింగ్ కథ చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక తన చేత్తో తను కట్టి, తన చేత్తో తను దించిన వస్తువు అదొక్కటే అని నమ్మాడు. అదే ఆయనకి ముఖ్యం. ఎగరడం ఎవడైనా ఎగురుతాడు, దిగడంలో ఉంది అనేవాడు.

ఆదివారం వచ్చింది. మైదానానికి అక్క వచ్చింది, ఆవిడతో మేస్త్రీ బావగారూ వచ్చాడు. ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఆయన మాట్లాడేది తక్కువ, కొలిచేది ఎక్కువ. కారు దిగీదిగగానే జేబులోంచి టేపు తీసి, విమానం పరిగెత్తే బాట పొడవునా పరిచాడు.

"బావగారూ, దానికి అంత పొడవు అక్కర్లేదు, ఇందులో సగం చాలు" అన్నాడు అద్దాలాయన.

"సగంలో ఏం వస్తుంది, వంటిల్లు కూడా రాదు" అన్నాడు మేస్త్రీ, వంగే ఉండి.

విమానం వంటింట్లోకి ఎందుకెళ్తుందో అద్దాలాయనకి అర్థం కాలేదు. అక్క మాత్రం తూర్పు ఎటో పడమర ఎటో చూసుకుంటూ మొహం ముడుచుకుని ఉంది. "చెప్పకుండా చేసినా మంచి చోటే చూసుకున్నావులే" అంది.

"చెప్పాను కదక్కా, అయిన వెంటనే నీకే చేశాను ఫోను."

"అయ్యాక చెబుతారు పరాయివాళ్ళకి."

ఇంతలో బావమరిది పిలిచాడు. "గాలి బావుంది బావా, రా. నువ్వు గాలివాటం చూస్తూ ఉండు, మిగతావి నేను సరిచూస్తా." ఎప్పుడూ అంతే. రెక్కల చివర్లు, తోక, మీటకి సరిగ్గా ఊగుతున్నాయా లేదా అని చూసేది వాడే. రెండు రిమోట్లూ పక్కపక్కనే పెట్టి స్విచ్‌లు నొక్కారు, కుయ్‌మని చప్పుడొచ్చింది. తన రిమోట్ ఇవాళ చేతిలో ఎందుకో తేలిగ్గా ఉంది అనుకున్నాడు అద్దాలాయన. అనుభవం పెరిగితే బరువు తగ్గుతుంది కాబోలు అని కూడా అనుకున్నాడు.

విమానం లేచింది. పసుపుపచ్చగా వెలుగుతూ మైదానం చుట్టూ తిరిగింది. అద్దాలాయన నాలుక కొరుక్కుని మీటలు కదుపుతుంటే అక్క కూడా స్థలం సంగతి మర్చిపోయి మెడ పైకెత్తింది. చివరి మలుపు. "ల్యాండింగ్" అని గట్టిగా కేకేశాడు, అక్కడి నియమం ప్రకారం. బాట మీదున్న మేస్త్రీ టేపుతో సహా పక్కకి దూకాడు. విమానం ముక్కు ఎత్తి, కాస్త మోటారుతో, గడ్డిని నిమిరినట్టు దిగింది. అచ్చం పోయినవారం లాగే.

అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. అందులోంచి అద్దాలాయన భార్య ఆయాసపడుతూ దిగింది, చేతిలో ఏదో నల్లటి చిన్న వస్తువు పట్టుకుని.

"ఏమండీ, ఎన్నిసార్లు ఫోన్ చేశాను, ఎత్తరేం? మీ రిమోట్ బ్యాటరీ ఛార్జింగ్‌లోనే వదిలేసి వచ్చేశారు. ఇది లేకుండా ఎలా..."

ఆవిడ గడ్డి మీదున్న విమానాన్ని చూసింది. తమ్ముణ్ణి చూసింది. మాట అక్కడే ఆపేసింది.

అద్దాలాయన రిమోట్ తిరగేశాడు. వెనక మూత తీశాడు. లోపల బ్యాటరీ ఉండాల్సిన చోట గుంట ఒక్కటే ఉంది. ఆయన చేతిలోని పెట్టె చచ్చిపోయి ఉంది. చచ్చినదాని మీటలు కదుపుతూ ఆయన విమానం ఎగరేశాడు. తిప్పాడు. దించాడు.

"ఒరేయ్" అన్నాడు బావమరిదితో, మెల్లగా. "ఇవాళ దించింది ఎవరు?"

"ఇవాళ నీ రిమోట్ పలకట్లేదని లేచేముందే కనిపెట్టాను బావా. అందరి ముందూ ఎందుకని..."

"పోయినవారం?"

బావమరిది బూట్లు చూసుకున్నాడు.

"పోయినవారం బ్యాటరీ ఉందిరా. పోయినవారం ఎవరు దించారు?"

"పైన తిరిగినంతసేపూ నువ్వే బావా, ఒట్టు. చివరి మలుపులో వేలు తీశా."

"అంటే?"

"దించడం ఎప్పుడూ ఇవ్వలేదు." వాడు మెడలోని రిమోట్ పట్టీ సర్దుకున్నాడు. "మా పనిలో లిఫ్ట్ పరీక్షించేటప్పుడు పెట్టె పైన మేం కూర్చుంటాం బావా. లోపల మీటలు పనిచెయ్యవు. అయినా లోపలున్నవాళ్ళు నొక్కుతూనే ఉంటారు. పాపం, వాళ్ళ తృప్తి వాళ్ళది అని..."

"నేను లోపలున్నవాణ్ణన్నమాట."

"తమ్ముణ్ణి అనకండి" అంది భార్య. "చెప్పింది నేను. అది విరిగితే మీరు విరుగుతారు. వెనక గదిలో మిమ్మల్ని వానాకాలమంతా చూశాను నేను. దించేటప్పుడు మాత్రం ఆయన చేతికివ్వకురా అన్నాను."

అద్దాలాయన ఆవిడవైపు చూశాడు. ఇస్త్రీ పెట్టె వేడి చూసిన చెయ్యి. 'నిజమా' అన్న గొంతు. ఆ మాట అన్నప్పుడు ఆవిడకి నిజం తెలుసు. ఊరందరి చూపూ సరిచేసేవాడికి పక్కనున్నదే ఆనలేదు. చేతికి ఇవ్వకుండానే ఇద్దరూ కలిసి చెయ్యిచ్చారు.

"నీ రిమోట్ ఇటివ్వు" అన్నాడు బావమరిదితో.

"బావా, ఇవాళొద్దు. కోపంలో..."

"మెడలోంచి తియ్యి."

వాడు పట్టీ తీసి ఇచ్చాడు. భార్య బ్యాటరీ అందించబోయింది. "అది నీ దగ్గరే ఉంచుకో, ఇన్నాళ్ళూ లేకపోయినా ఇబ్బంది లేదు కదా" అన్నాడు. సంచిలోంచి విమానం బ్యాటరీ ఇంకొకటి తీసి దానికి పెట్టాడు. రెక్కల చివర్లూ తోకా తనే కదిపి చూసుకున్నాడు. అవి తన వేలి కింద కదలడం చూసి ఆయనకి కళ్ళు మండాయి.

విమానం లేచింది, వంకరగా, కానీ లేచింది. బావమరిది వెనక నిలబడి "ఎడమ" అనబోయి నోరు మూసుకున్నాడు. చివరి మలుపులో అద్దాలాయన "ల్యాండింగ్" అన్నాడు. మైదానం అంచుకి రాగానే, పోయినవారమూ ఇందాకా చేసినట్టే, మోటారు తగ్గించేశాడు. ఆ రెండుసార్లూ అక్కడే తగ్గించాడు, ఏమీ కాలేదు. ఏమీ కాకుండా చూసినవాడు ఒకడున్నాడని తెలియక, తను చేసేది సరైనదే అనుకున్నాడు. తప్పు చేసే అవకాశమే ఇవ్వకపోతే ఒప్పు ఎక్కడ నేర్చుకుంటాడు మనిషి?

గోనెసంచి పడింది. భయపడి మోటారు పెంచాడు, ఆలస్యమైంది. చక్రాలు నేలని కొట్టి ఎగిరాయి, రెండోసారి కొట్టాయి. ముక్కు గడ్డిలో దిగబడి విమానం తలకిందులైంది. పై రెక్క నడిమికి విరిగిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. చక్రాలు ఆకాశంలోకి తిరుగుతూ ఆగాయి.

బావమరిది పరిగెత్తబోయాడు.

"ఆగు. నేను తెచ్చుకుంటా."

ఒక్కడే నడిచి వెళ్ళాడు. చితికిన పుల్లలు ఏరుకున్నాడు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక కళ్ళజోడు స్క్రూ కోసం చాలాసేపు వెతికాడు, దొరకలేదు. తిరిగొచ్చి విరిగిన రెక్కని కారు ముందు సీట్లో పెట్టాడు, భార్య కూర్చునే చోట.

"మరి నేనెక్కడ కూర్చోను?" అంది ఆవిడ.

"మీ తమ్ముడితో రా. వాడైతే జాగ్రత్తగా దింపుతాడు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మేస్త్రీ ఒక్కడే టేపు చుట్టుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఇంతకీ హద్దురాళ్ళు ఎక్కడ? నాకు ఒక్కటీ కనబడలేదు."

"ఏం హద్దురాళ్ళు బావగారూ?"

"నీ స్థలానివి. మీ అక్కకి ఫోన్ చేసి చెప్పావట కదా, ల్యాండ్ నా పేరు మీదే అని."

అద్దాలాయన అక్క మొహం చూశాడు. ఆ వంటిల్లూ, ఆ తూర్పూ పడమరా, ఆ ముడుచుకున్న మొహం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మామూలు రోజైతే ఆ మాట పట్టుకుని నెలరోజులు నవ్వించేవాడు.

"స్థలం కాదక్కా" అన్నాడు, అందరికీ వినబడేలా. "నేను కొన్నదేం లేదు. ఇది ఎవరిదో బీడు. ల్యాండింగ్ అన్నాను, విమానం దిగింది అన్నాను. నా చేతి మీద దిగింది అన్నాను. నువ్వు ల్యాండ్ అని విన్నావు, పేరు అని విన్నావు, అది నీ మిక్సీ తప్పు. కానీ నువ్వు సరిగ్గా వినుంటే అది కూడా అబద్ధమే. ఆ రోజు దించింది వీడు. దించమన్నది ఈవిడ. నేను దించింది ఇప్పుడు మీరు చూసింది."

అక్క వచ్చి ఆయన భుజం మీదున్న గడ్డిపరక తీసింది.

"వారం రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నానురా. నాకు చెప్పకుండా చేశావని. ఊరికే కోపం పెట్టుకున్నా."

"నీది ఊరికే కాబట్టి ఊరికే పోయిందక్కా" అన్నాడు అద్దాలాయన, కారు తలుపు వేసుకుంటూ. "నాది అలా పోయేలా లేదు."