స్పీకరు కింది మడ్డి

కంబదూరులో తిప్పేష్ నడిపే సౌండ్ సర్వీసు అంగట్లో పొద్దున్నే మొదటి పని కంప్యూటర్ వెయ్యడం. రెండో పని స్పీకరు కింద గిన్నె పెట్టడం. పాటలో కలిసిన గరగర, గుయ్యిమనే మోత అంతా మడ్డిగా మారి స్పీకరు అడుగు నుంచి కారేది. నల్లగా, జిగటగా, ముక్కిపోయిన చెనక్కాయల వాసనతో. ఊళ్లో అందరి స్పీకర్లూ అంతే కాబట్టి ఎవరూ వింతపడరు, ముక్కు మూసుకుంటారు. గిన్నె పారబోసే ఖర్మ మాత్రం తిప్పేష్ అక్క ఉమాదేవిది. ఆ చేత్తో అన్నం కలుపుకోలేక ఆమె చెంచాతో తినేది.

ఆ ఏడు, అంటే 2005లో, శివరాత్రికి కల్యాణదుర్గంలో భజన పోటీ పెట్టినారు. ఇరవై ఏండ్లుగా ఊరి గుంపులో ముందు గొంతు బసప్పదే. ఈసారి ఉమాదేవి తాను ముందు పాడతానంది. అందరి పాటలూ రికార్డు చేయించి, అంగట్లో కూచోని విన్నాడు బసప్ప. తనది వినేదేముందిలే అని వదిలేసినాడు. ఉమాదేవి పాట సగంలోనే గిన్నె నిండి, మడ్డి పొంగి ఆయన పాదం మీద పడింది.

"థూ! ఏమమ్మా, గొంతులో ఇంత కుళ్లు పెట్టుకోని ముందు పాడతావా? పోటీకే రావద్దు నువ్వు."

"అది నా గొంతుది కాదు పెద్దాయనా, వీని డబ్బాది!"

"అట్లయితే ఆదివారం లోపల చూపియ్యి."

తిప్పేష్ తల గోక్కున్నాడు. "అక్క చెప్పింది నిజమే. కంప్యూటర్ కడుపులో ఫ్యాను రొద, కరెంటు రొద అంతా స్పీకరు వైరు పెట్టే ఈ పచ్చ బొక్కలో నుంచి వస్తాండాది. పాటను అంకెలుగానే బయటికి తెచ్చి, బయట వేరే డబ్బాలో పాటగా మార్చల్ల."

బెంగుళూరు పోయి అట్లాంటి డబ్బా ఒకటి తెచ్చినాడు. దానికి మూడు రకాల దారులు. మొదట యూఎస్‌బీ వైరు పెట్టినాడు. మడ్డి సగానికి తగ్గింది, కంపు తగ్గలేదు. తర్వాత బంగారు పూత మూతి ఉన్న కోయాక్సియల్ వైరు. అదే కంపు, కాకపోతే మడ్డికి మెరుపొచ్చింది.

"రెండూ రాగి తీగలే గదక్కా. పాటతో పాటు కరెంటు మురికినీ మోసుకొస్తాయి. ఆ మురికి భూమిలోకి దిగల్సిన మన ఎర్తు గుంత ఎండిపోయిండాది. నాలుగు బిందెలు నీళ్లు పోస్తే..."

"ఒరేయ్, తాగేదానికే ట్యాంకరు కాడ జుట్లు పట్టుకుంటాండాము. నీ గుంతకు నాలుగు బిందెలా?"

ఇంక మిగిలింది ఆప్టికల్ వైరు. దాంట్లో కరెంటే పోదు, ఎర్ర వెలుతురు పోతుంది. వెలుతురుకు మురికి అంటదని తిప్పేష్ నమ్మకం.

ఆదివారం గుంపంతా చాప మీద కూచుంది. తిప్పేష్ టెంకాయ కొట్టి, కొత్త వైరును దేవుని పటం ముందు నుంచి తీసి తగిలించినాడు. చుక్క మడ్డి కారలేదు. పాటా రాలేదు.

"ఏమప్పా, గొంతు గూడా కడిగేసినావా?" అన్నాడు బసప్ప.

ఉమాదేవి వైరు పీకి చూసింది. "ఒరేయ్ తిక్కోడా! వెలుతురు పోయే కంటికే కుంకుమ పూసినావు గదరా!"

"కొత్త సామాను గదక్కా, పూజ చెయ్యకుండా ఎట్ల?"

"లారీకి పెట్టినట్ల పెట్టినావు. రెండో పక్క గూడానా? కర్మ!"

కొంగుతో రెండు మూతులూ తుడిచి తగిలించింది. ఆమె పాట మొదలైంది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. పాట అయినాక బసప్ప గిన్నెలో వేలు పెట్టి చూసుకున్నాడు. పొడి వేలు.

తిప్పేష్ చాలా అమాయకంగా మొహం పెట్టినాడు. "పెద్దాయనా, ఎట్లాగూ వైరు పెట్టిండాము. నీదీ ఒకటి విందామా?"

వద్దనే లోపలే వేసినాడు. మొదటి చరణం దాటిందో లేదో, స్పీకరు అంచున గోధుమరంగు చుక్క ఊరింది. టప్. ఇంకొకటి. టప్. పాడేటప్పుడే పాటలో చేరినదాన్ని ఏ వైరు ఆపుతుంది? ఆ చుక్కల్లోని నశ్యం ఘాటుకు ఇద్దరు తుమ్మినారు. బసప్ప రొంటిలోని నశ్యం డబ్బా వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండేదానికి నానా తంటాలు పడినారు.

పాట అయ్యేదాకా ఆయన కదల్లేదు. తర్వాత లేచి, అందరి వెనక్కి పోయి, గోడకు ఆనుకోని కూచున్నాడు.

"పాట ఎత్తుకోమ్మా," అన్నాడు ఉమాదేవితో.