పేర్ల చోటు

తనూజ ఫోన్‌లో టైమర్ ఆపి నెత్తి కొట్టుకుంది. మళ్ళీ అక్కడే ఆగిపోయారు.

తెలుగు కూలీలు వలసొచ్చి స్థిరపడ్డ హిందీ ఊరు పర్సుడీహ్‌లో, వాళ్ళింటి ముందు సందులో ఎనిమిది మంది మగవాళ్ళు గుండెలకు రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎండలో ఆయాసపడుతున్నారు. మొదటి పాట ఉన్నంతసేపూ తప్పెటగుళ్ళు పిడుగుల్లా మోగాయి. రెండో పాట అందుకోవాల్సిన చోట అందరి కాళ్ళూ ఒక్కసారే నిలిచిపోయాయి. జట్టు పెద్ద అసిరయ్య, తనూజ తండ్రి, జనంలోకి చెయ్యి చాపాడు. జనం అంటే అప్పుడక్కడ ఉన్నది ఒక మేక.

"నాన్నా! చెయ్యెందుకు చాపావు?"

"నానేటి సాపలేదమ్మీ. అదే సాసుకుంది."

"మేక సదివింపులు ఇత్తాదేమోనని సూత్తన్నాడు మీ నాన్న," అన్నాడు జట్టులో వెనకున్న పోలరాజు. అందరూ నవ్వారు. తనూజకు నవ్వు రాలేదు.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనూజే. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసి, ఫంక్షన్లు జరిపించే ఒక కంపెనీలో చేరింది. కాంట్రాక్టు కూలీ అయిన తండ్రి ఏళ్ళ తరబడి ఆడుతున్న ఈ ఆటకు టీ, టిఫినూ, ఎప్పుడైనా ఒక దుప్పటీ తప్ప దక్కింది లేదని ఆమె కడుపుమంట. దీనికొక ధర కట్టించాలి, మా నాన్నను ఆర్టిస్టు అనిపించాలి అని పంతం పట్టింది. మేనేజర్ సౌరభ్ వెంటపడి, పోయిన నెల ఒక బిల్డర్ ఫంక్షన్‌లో పది నిమిషాలు సంపాదించింది.

కొంప అక్కడే మునిగింది. మొదటి పాట కాగానే ఆ బిల్డింగులో నేల తుడిచే సన్యాసమ్మ వచ్చి అసిరయ్య చేతిలో పది రూపాయలు పెట్టింది. చదివింపు ఇచ్చినవాళ్ళ పేరూ ఊరూ పాటలో కలిపి పాడకుండా ముందుకు పోవడం ఈ ఆటలో లేదు. "పలాస సన్యాసమ్మగోరూ..." అని అసిరయ్య రాగం తీశాడు. అది విని తెలుగు తాపీమేస్త్రీలూ పెయింటర్లూ వరస కట్టారు. పేరు వెనక పేరు. వేదిక మీద అతిథులు వాచీలు చూసుకున్నారు. సౌరభ్ మైకు ఆపించాడు.

"ఫీజు ఇస్తున్నాం కదా తనూజా జీ! మళ్ళీ ఈ భీఖ్ ఏంటి?" అని అందరి ముందూ అడిగాడు. బిచ్చం అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో మంటే.

ఇప్పుడు ఒక హోటల్‌వాళ్ళు దుర్గాపూజ రోజులకు జట్టును అడిగారు. షరతు ఒక్కటే, చదివింపులు ఉండకూడదు. "దానికేటి, మానేత్తాం," అని అసిరయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది నోరు. కాళ్ళు వినడం లేదు.

"ఫిర్ సే!" అని అరిచింది తనూజ. కోపమొస్తే ఆమెకు హిందీయే వస్తుంది.

మళ్ళీ ఆడారు. ఈసారి ఆగలేదు గానీ, రెండో పాట ఉడకని అన్నంలా వచ్చింది. ఒకడి అడుగు ముందు, ఒకడి అడుగు వెనక. అసిరయ్య విసుగ్గా తప్పెట మీంచి చేతులు తీసేశాడు.

"ఎవులికి పాడతన్నానో తెల్డం లేదమ్మీ."

"హోటల్‌వాళ్ళకి పాడు! డబ్బులిచ్చేది వాళ్ళే."

"అయితే ఆళ్ళ పేరే పాడతాను."

"వాళ్ళకి అక్కర్లేదు నాన్నా!"

"పేరొద్దన్నోడు డబ్బులెందుకిత్తాడే?"

పరీక్షలో అయితే దీనికి రెండు పేజీలు రాసేది. ఇక్కడ మేకను విసురుగా అదిలించింది. ఆ ఉక్రోషంలోనే సౌరభ్‌కు ఫోన్ కలిపింది.

"మా వాళ్ళకు ఇంకో రెండు నిమిషాలు కావాలి."

"కుదరదు. నిమిషం నిమిషానికీ లెక్క చెప్పాలి నేను."

"అయితే మా ఫీజులో కోసుకోండి."

"ఫీజు పెంచమని నా ప్రాణం తీసింది మీరే కదా?"

"నేనే."

"ఆ రెండు నిమిషాల్లో ఏం చేస్తారు? హోటల్‌వాళ్ళకు ఏమని చెప్పను?"

"పేర్లు పాడతారు."

"ఎవరివి?"

"ఎవరిస్తే వాళ్ళవి," అంది తనూజ. తన గొంతులోంచి తండ్రి మాట వచ్చినట్టయి ఒళ్ళు మండింది. సౌరభ్ ఎడాపెడా బేరమాడి, హోటల్‌వాళ్ళను తాను ఒప్పిస్తానని చెప్పి, చివరకు ఫీజులో మూడో వంతు కోసి ఫోన్ పెట్టేశాడు.

"ఏటన్నాడమ్మీ?"

"ఆగొచ్చంట. మూడో వంతు పోయింది."

"ఎందుకు పోయింది?"

"మీరు ఆగడానికే!"

అసిరయ్య మొహం విచ్చుకుంది. "ఓస్, అంతేనా! ఆ హోటల్ వంటింట్లో మనోళ్ళు బోల్డుమంది ఉన్నారు, సదివింపులు ఆళ్ళే ఇత్తారు. దీనికింత ఆరాటమెందుకే? ముందే సెప్పుంటే ఊరికే ఆడేసీవోళ్ళం."

"ఊరికేనా?" తనూజ ఫోన్‌ను మంచం మీదికి విసిరింది. "ఊరికే ఆడడానికా నేను ఇన్నాళ్ళూ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది? నాన్నా, నిన్నే!"

అప్పటికే తప్పెటలు అందుకున్నాయి. అసిరయ్యకు ఆ మాట వినపడలేదు.