ఏడు మళ్ళలో పట్టని బండి

నేను ఒక అక్కరకు మించిన ట్రాక్టర్‌ని. నా ఇంజనుకు యాభై అయిదు గుర్రాల బలం. ఫ్యాక్టరీలో నాకు బోల్టులు బిగించినవాళ్ళు నేను ఏ వందెకరాల మెట్టభూమిలోనో లోతు దుక్కి దున్నుతాననుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా లారీ నన్ను దించింది సముద్రానికి దగ్గరగా, వరి తప్ప మరొకటి పండని పల్లపు ప్రాంతంలో.

అక్కడి షోరూముకు పేరయ్య తన భార్య అచ్చియ్యమ్మతో వచ్చాడు.

"ఎన్నెకరాలండీ?" అని గుమాస్తా అడిగాడు.

"మూడు."

"అయితే ఆ మూలనున్న చిన్నది చూడండి. ఇరవై నాలుగు గుర్రాలు. తేలిగ్గా ఉంటది, మడిలో ఇట్టే తిరుగుద్ది."

పేరయ్య మొహం మాడింది. "మా బావ ఇక్కడే కొన్నాడుగా. ఆడిదెంత?"

"నలభై అయిదండి. ఆయనకి ఇరవై ఎకరాలండి మరి."

"అయితే నాకు ఇది ఇచ్చెయ్యి" అని పేరయ్య నా మీద చెయ్యి వేశాడు.

అమ్మేవాడు వద్దంటుంటే కొనేవాణ్ణి ఆ గుమాస్తా అంతకుముందు చూసి ఉండడు. నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇంటికి తీసుకువెళ్ళే ముందు బావగారి వీధిలో రెండుసార్లు తిప్పారు. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ మూడెకరాలు ఒక చేను కాదు, ఏడు చిన్న మళ్ళు. ఒకదానికన్నా ఒకటి జానెడు దిగువన మెట్లలా ఉండేవి. అచ్చియ్యమ్మ ఎగువ మడి నిండగానే గట్టుకు గండి కొట్టి కింది మడికి నీళ్ళు వదిలేది. గట్టు ఎక్కడ తెంచాలో, ఎప్పుడు మూయాలో ఆమె పాదాలకు తెలుసు. అది ఆమె తండ్రి సాగుచేసి ఇచ్చిన భూమి. ఇంటికి ఏడాది తిండిగింజలు అక్కడి నుంచే రావాలి.

దమ్ము చేసి మడిని బురదగా కలపడానికి నాకు ఇనప చక్రాలు తగిలించి దించారు. మలుపు తిరగబోతే నా ముందు చక్రాలు ఒక గట్టెక్కాయి, వెనక చక్రాలు ఇంకో గట్టును కూల్చాయి.

"గట్లు తీసేత్తే సరి" అన్నాడు పేరయ్య.

"చెప్పు సరిపోలేదని కాలు కోసుకుంటారేంటండీ?" అంది అచ్చియ్యమ్మ.

"ఊరంతా చూత్తందే. నోర్ముయ్యి."

ఒక్క పూటలో ఆరు గట్లూ తీసేశాను. అవి అచ్చియ్యమ్మ తండ్రి కట్టినవి. గట్లు తెంచే పారను ఆమె ఇంట్లో పెట్టేసింది.

ఆ ఏడు ఎగువన నాటిన వరి ఎండింది, దిగువన నాటింది మునిగింది. బావగారు చూసిపోవడానికి వచ్చాడు. "ఏం పేరయ్యా, పైనోళ్ళకి గొడుగులూ కిందోళ్ళకి పడవలూ ఇచ్చి నాట్లేయించేవా?"

ఆ ఒక్క మాట చాలింది. వేసవిలో పేరయ్య నాకు వెనక బ్లేడు తగిలించి, చేనంతా చదును చేస్తానని బయలుదేరాడు. అచ్చియ్యమ్మ నాకు ఎదురొచ్చి నిలబడింది.

"పై మన్ను గీకొద్దండీ. అడుగున చౌడుంది. జానెడు తీత్తే చాలు, తగుల్తాది."

"మీ నాన్న ఎద్దులతో దున్నినోడే. ఆడికేం తెలుసు? తప్పుకో."

తప్పుకుంది. నా బలానికి అడ్డం ఎవరు నిలబడగలరు? మూడు రోజులు ఎగువ నల్లమట్టిని దిగువకు ఈడ్చాను. చేను అద్దంలా చదునైంది. తొలి వానలు పడి, ఎండ కాయగానే ఎగువ సగమంతా ఉప్పు చల్లినట్టు తెల్లబడింది. ఆమె నారు నాటితే మాడిపోయింది. కాలవ నీళ్ళతో కడిగి, పెంట తోలి, మళ్ళీ నాటింది. మళ్ళీ మాడింది. మూడో ఏడు నారు పోయడానికి పేరయ్య ఒప్పుకోలేదు. చేపల చెరువు తవ్వుకునే ఆసామికి చేనూ నన్నూ కలిపి అప్పగించడానికి సిద్ధపడ్డాడు.

"దిగువ మడి ఒక్కటీ ఉంచండి" అంది అచ్చియ్యమ్మ. "అక్కడ మన్ను బాగానే ఉంది. తిండిగింజలకన్నా ఆధారం."

"ఏ మడే? మళ్ళెక్కడున్నాయి?"

చూపిస్తానని ఆమె చేలోకి దిగింది. కొంతదూరం నడిచింది, ఆగింది, ఇంకాస్త ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చింది. గట్టు జాడ ఎక్కడా లేదు. ఎక్కడ నుంచి ఎక్కడి దాకా అని చెయ్యి చాపి చూపించలేకపోయింది.

పొక్లెయిన్ చేను తవ్వుతుంటే ఆ మట్టిని చెరువుగట్టుకు మోసింది నేనే. నిండు ట్రాలీ లాక్కుంటూ ఏటవాలు గట్లెక్కాను. ఆ ఊరు వచ్చాక నా బలానికి తగిన పని దొరకడం అదే మొదటిసారి. ఎంత తేలిగ్గా చేశానో తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఇప్పుడు చెరువు పక్కన కదలకుండా నిలబడి, నీళ్ళు తోడే పంపును తిప్పుతున్నాను. టైర్లు బీటలు వారాయి. బలం మాత్రం తగ్గలేదు.

అచ్చియ్యమ్మ ఊడుపుల కాలంలో పక్క ఊరి చేలకు కూలికి పోతోంది. దారి ఈ చెరువుగట్టు మీదుగానే. మొన్న కొత్తగా వచ్చిన కూలామె నీళ్ళకేసి చూస్తూ అడిగింది.

"మీ చేను ఈడేనంట కదా పిన్నీ, ఎక్కడ?"

"మనం తొక్కుతున్నదే."

అచ్చియ్యమ్మ కిందికి చూసుకోలేదు. పొద్దెక్కుతోందని తోటివాళ్ళను తొందరపెట్టి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని నడిచిపోయింది.