ముందే రాసిన ఇరవై

నేను ఒక తెల్ల బోర్డును. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, చుట్టూ అల్యూమినియం అంచు. మరిచిపోవడం నా వృత్తి. రాసింది చూపించాలి, తుడవగానే ఏమీ ఎరగనట్టు నిలబడాలి. నన్ను తయారు చేసిన షెడ్డులో మేస్త్రీ నా మీద ఒక గీత గీసి, గుడ్డతో తుడిచి, కళ్లు దగ్గరగా పెట్టి చూశాడు. మరక మిగలలేదు. ప్యాసయ్యాను. మనుషులు తమ తప్పుల కోసం ఇలాంటి బోర్డునే కోరుకుంటారనీ, ఎదుటివాళ్ల తప్పులకు మాత్రం రాతిపలక కావాలంటారనీ తర్వాత తెలిసింది.

నా మొదటి గోడ ఒక సేల్స్ ఆఫీసుది. టార్గెట్ అందుకోని వాళ్ల పేర్లు మేనేజర్ రోజూ పొద్దున్నే నా మీద ఎర్ర సిరాతో రాసేవాడు. శుక్రవారం నాలుగింటికి మాత్రం ఆ పేర్లు తుడిచి, పెద్ద అక్షరాలతో ‘థాంక్స్ అవర్’ అని రాసేవాడు. ఏదో శిక్షణ తరగతిలో నేర్చుకొచ్చాడట. ప్రతి ఒక్కరూ లేచి ఇంకొకరికి కృతజ్ఞత చెప్పాలి. చెప్పనివాళ్ల పేరు సోమవారం ఎర్ర సిరాలోకి ఎక్కేది. అందుకే అందరూ లేచి మేనేజర్‌కే చెప్పేవారు. చప్పట్లు ఆగగానే చేతులు బల్లల కిందికి పోయి గోళ్లు గిల్లుకునేవి. భయం ఉన్నచోట కృతజ్ఞత కూడా హాజరు పట్టీలో పెట్టే సంతకం లాంటిదే.

ఆ ఆఫీసు మూతపడ్డాక నన్ను గోదావరి లంకల దగ్గర ఒక చిన్న పట్టణపు ఆసుపత్రికి దానమిచ్చారు. నా పై అంచుకు దాత పేరుతో జానెడు స్టిక్కరు అతికించి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. నన్ను ఆపరేషన్ థియేటర్ గోడకు బిగించారు.

అక్కడ నా పని చిన్నదే. ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డలను మాప్‌లు అంటారు. కట్టకు ఐదు. కట్ట విప్పినప్పుడల్లా నర్సు నా ఎడమ వైపు రాయాలి. కుట్లు వేసే ముందు, వాడి బయటపడేసిన మాప్‌లను లెక్కపెట్టి కుడి వైపు రాయాలి. రెండూ సమానమైతేనే కడుపు మూయాలి. ఒక్కటి తగ్గినా అది ఎక్కడుందో తేలేవరకూ ఆగాలి. లోపల మరిచిపోయిన గుడ్డ మనిషిని మెల్లమెల్లగా చంపుతుంది.

నియమం ఇది. నా మీద జరిగేది వేరు.

సర్జన్ డాక్టర్ సోమశేఖరం చేతులు గొప్పవి. కోపం అంతకన్నా గొప్పది. ఒకప్పుడు ఒక నర్సు “ఒకటి తక్కువుంది సార్” అన్నందుకు కత్తెర గోడకేసి విసిరాడు. అది గీసిన గీత నా కింది అంచు మీద ఇప్పటికీ ఉంది. ఆ సాయంత్రమే ఆమెను థియేటర్ నుంచి తప్పించారు. అప్పటి నుంచి అక్కడ ఒక అలవాటు పుట్టింది. ఎడమ వైపు అంకె వేసిన చేత్తోనే కుడి వైపు కూడా అదే అంకె వేసేసేవారు. లెక్క తర్వాత తీరిగ్గా, చెత్తబుట్టల దగ్గర, గుసగుసగా జరిగేది. తేడా ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవారో వాళ్లే ఎరగరు.

ఈ అలవాటును కొత్తగా చేరిన నాగవల్లికి నేర్పింది హెడ్ నర్సు ఎస్తేరు. చెడ్డ మనిషి కాదు. పిల్లను కాపాడుకోవాలని నేర్పింది.

“ముందే రాసేసుకోవే తల్లీ. ఆయన అడిగేసరికి బోర్డు మీద ఉండాల. లేదంటే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“తేడా వస్తేనో అక్కా?”

“నోరు మంచిదైతే రాదులే.”

నాగవల్లిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలాఖరుకి గడువు అయిపోతుంది. పొడిగింపు కాగితం సోమశేఖరం బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. ఈ సంగతి థియేటర్లో అందరికీ తెలుసు.

ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి సత్యవేణిని తెచ్చారు. అరటి గెలల లారీ మీంచి జారిపడిన కూలి మనిషి. లోపల ప్లీహం చితికింది. కడుపు తెరవగానే రక్తం పొంగింది. “మాప్! ఇంకోటి! ఏం చేస్తున్నారక్కడ, నిద్రపోతున్నారా?” అని అరిచాడు సోమశేఖరం. నాలుగు కట్టలు విప్పారు. నాగవల్లి పరుగున వచ్చి నా మీద ఎడమ వైపు ఇరవై రాసింది. అదే ఊపులో కుడి వైపూ ఇరవై రాసింది. పెన్ను ఒత్తిడిలోనే ఆమె గుండె దడ నాకు తెలిసింది.

నలభై నిమిషాలకు రక్తం ఆగింది. సోమశేఖరం సూది అందుకుని, తలెత్తకుండానే అడిగాడు.

“కౌంట్?”

ఎస్తేరు నా వైపు చూసింది. ఇరవై. ఇరవై. “సరిపోయింది సార్.” ఆయన కుట్లు మొదలుపెట్టాడు.

కానీ నాగవల్లి అప్పటికే నేల మీద పరిచిన మాప్‌లను వేలితో లెక్కపెడుతోంది. పంతొమ్మిది. మళ్లీ మొదటి నుంచి. పంతొమ్మిదే. లేచి నా ముందుకొచ్చి, డస్టర్ పట్టుకుని నిలబడింది. ఆ అంకె తుడిస్తే, అది అబద్ధమని ఒప్పుకోవాలి. తన అబద్ధం ఒక్కటే కాదు, ఎస్తేరుది కూడా. నేను మామూలుగా ఏదీ కోరుకోను. ఆ క్షణంలో మాత్రం, తుడువు, అనుకున్నాను.

తుడిచింది. పంతొమ్మిది రాసింది.

“సార్, ఆగండి సార్. ఒకటి తక్కువుంది.”

సూది గాలిలో నిలిచింది.

“ఇందాక బోర్డు మీద ఇరవై ఉంది కదా?”

“అది నేను ముందే రాసేశానండి. లెక్కెట్టకుండా.”

“ఏవమ్మా, చిన్నప్పుడు ఎక్కాలు ఎగ్గొట్టేవా? ఇప్పుడు తీరిగ్గా నేర్చుకుంటున్నావా ఇక్కడ?”

తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరు తస్లీమా మెల్లగా అంది. “సార్, బీపీ డెబ్బై. ఎక్కువసేపు తెరిచి ఉంచలేం.”

“విన్నావా? ఈవిడకేమైనా అయితే ఆ బోర్డు మీద నీ పేరు రాస్తాను.”

“రాయండి సార్. ముందొక్కసారి లోపల చూడండి.”

ఎక్స్‌రే మిషను రిపేరుకు వెళ్లి వారమైంది. చేతులతోనే వెతకాలి. సోమశేఖరం వేసిన రెండు కుట్లు కత్తిరించి మళ్లీ లోపలికి చేతులు పెట్టాడు. పేగుల మధ్య, కాలేయం కింద, వెనక గోడ వెంట. తస్లీమా అరవై ఎనిమిది అంది. కాసేపటికి అరవై ఐదు అంది. ఎస్తేరు బుట్టలు బోర్లించి వెతికింది. నాగవల్లి మోకాళ్ల మీద టేబుల్ కిందికి పాకింది. కత్తెరలు పెట్టే ట్రే ఎవరి మోచెయ్యో తగిలి గలగలమంది. పదకొండు నిమిషాలు.

“కడుపులో ఏమీ లేదు” అన్నాడు సోమశేఖరం, పళ్ల మధ్య నుంచి.

టేబుల్ కింద నుంచి గొంతు వినిపించింది. “సార్, కాలెత్తండి.”

మాప్ ఆయన చెప్పు అడుగున, నిలబడే పీటకీ చెప్పుకీ మధ్య నలిగి అతుక్కుని ఉంది.

ఆయన కుట్లు వేశాడు. సత్యవేణి బీపీ మెల్లగా తొంభైకి వచ్చింది. ఆమెను వార్డుకు తీసుకెళ్లారు. గ్లవ్స్ లాగేస్తూ ఆయన “పదకొండు నిమిషాలు” అని మాత్రం అని వెళ్లిపోయాడు.

“అయిపోయిందే నీ పని” అంది ఎస్తేరు. నాగవల్లి నేల మీద మాప్‌లు ఏరుతూ ఉంది. ఏడవలేదు. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై.

గుడ్డ కడుపులో దొరికి ఉంటే అంతా సులువుగా ఉండేది. ప్రాణం కాపాడిన మనిషికి థాంక్స్ చెప్పడానికి పెద్ద మనసు అక్కర్లేదు. చెప్పకపోతేనే తప్పుపడతారు. కానీ దొరికింది చెప్పు కింద. హెచ్చరించింది నిజమే, ప్రమాదం మాత్రం లేదు. నష్టపోయింది పదకొండు నిమిషాలు, ఒక పెద్దమనిషి పరువు. అలా ఆపిన మనిషికి కృతజ్ఞత చెప్పగలిగేది ఎవరు? చెప్పకపోతే, రేపు ఇంకో మాప్ నిజంగానే లోపల ఉండిపోయినప్పుడు ఆగమనేది ఎవరు?

మధ్యాహ్నం మూడింటికి సోమశేఖరం ఒక్కడే తిరిగొచ్చాడు. ఎస్తేరు పరికరాలు సర్దుతోంది. ఆయన నా ముందు నిలబడి ఆ పంతొమ్మిదినే చూస్తున్నాడు.

“ఎస్తేరు గారూ, నిజం చెప్పండి. ముందే రాస్తున్నారా?”

ఆమె చేతిలో ఫోర్సెప్స్ ఆగాయి. “రాస్తున్నాం సార్.”

“ఎన్నాళ్ల నించి?”

“ఎనిమిదేళ్లు.”

“నాకెవరూ చెప్పలేదేం?”

“ఎలా చెబుతాం సార్ మీకు?”

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయినట్టున్నాడు. ఎనిమిదేళ్లుగా కుట్లు వేసే ముందు తను నా మీద చదువుకున్నది మాప్‌ల లెక్క కాదు, తన మీద వాళ్లకున్న భయం. ఎన్ని కడుపులు ఆ లెక్క మీద మూశాడో ఆయన మనసులో తిరుగుతూ ఉండాలి. ట్రేలో చేతికందిన పెన్ను తీసుకుని రాశాడు. అది సీసాల మీద పేర్లు రాసే చెరగని పెన్ను అని చూసుకోలేదు.

‘నాగవల్లి ఆపింది. థాంక్స్.’

“అయ్యో సార్, అది చెరగదండి.”

ఆయన పెన్ను తిప్పి చూశాడు. మూత పెట్టి ట్రేలో పడేసి వెళ్లిపోయాడు.

నిజానికి స్పిరిట్ పెట్టి రుద్దితే చెరుగుతుంది. ఆసుపత్రిలో స్పిరిట్‌కి కొదవా? ఎవరూ పెట్టలేదు.

సోమశేఖరం మర్నాటి నుంచి దేవుడేమీ అయిపోలేదు. మొద్దు కత్తెర ఇస్తే ఇప్పటికీ అరుస్తాడు. కానీ కౌంట్ వినేదాకా సూది ముట్టడు. నాగవల్లి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడింది. ఆ వాక్యం కింద, రోజు చివర, మామూలు పెన్నుతో ఒక పేరు రాయడం మొదలైంది: ఆ రోజు ఎవరు ఆపారో. ఒకసారి తస్లీమా, ఒకసారి ఆయా. ఒకసారి ఎవరో కొంటెగా ‘ఏసీ ఆపింది: కరెంటు’ అని రాశారు. ఎస్తేరు రిటైరయ్యే వారంలో ఆమె పేరు కూడా వచ్చింది. ఆమె చాలాసేపు దాని ముందు నిలబడి, “ముప్ఫయ్యేళ్లలో ఇదే మొదటిసారి” అని ముక్కు చీదుకుంది. కొన్ని వారాలు ఏ పేరూ ఉండేది కాదు. అప్పుడు నాగవల్లి అనుమానంగా అందరి ముఖాలూ చూసేది.

నిరుడు థియేటర్లో మాప్‌ల లెక్క చూపే తెర ఉన్న యంత్రం పెట్టారు. పనికిరాని సామాన్ల జాబితాలో నా పేరు ఎక్కింది. బోర్డు శుభ్రంగా అప్పగించాలని నియమం. ఇప్పుడు హెడ్ నర్సు అయిన నాగవల్లి స్పిరిట్ ముంచిన దూది తెచ్చి అన్నీ తుడిచింది. ఆ ఒక్క వరుస దగ్గర చెయ్యి ఆగింది. దూది బుట్టలో వేసేసింది.

ఇప్పుడు నేను విరిగిన స్ట్రెచర్ పక్కన, స్టోరు గదిలో ఉన్నాను. గోడకు అవతల థియేటర్. యంత్రం అంకెలను నేను చూడలేను. గొంతులు వినిపిస్తాయి. ఈ పొద్దున ఎవరో కొత్తమ్మాయి, వణికే గొంతుతో, “సార్, ఆగండి” అంది.

తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. అందులో సూది గాలిలో ఉంటుంది, ఒక ఉద్యోగం ఉంటుంది, బల్ల మీద ఒక మనిషి ఉంటుంది. నా ఒంటి మీద మిగిలిన ఆ ఒక్క వాక్యంతో నేనూ ఊపిరి బిగపట్టాను.

“ఆగాను. చెప్పమ్మా” అంది సోమశేఖరం గొంతు.