తమ్ముడి బండి మీద శ్యాం

కేసముద్రం మార్కెట్ యార్డులో ఆ పొద్దు పత్తి ట్రాక్టర్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. అమ్మమ్మ వైపు నుంచి వచ్చిన చేను ఆ పక్కనే ఉండటంతో శ్రీలత వాళ్ళు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఏటా అక్కడికే వచ్చి పత్తి అమ్ముకునేవారు. ఎప్పుడూ నాన్న ప్రతాప్ దగ్గరుండి చూసుకునేవాడు. ఈసారి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. జనగామలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేస్తున్న శ్రీలత ఒకరోజు సెలవు పెట్టింది. ట్రాక్టర్ తోలడానికి తమ్ముడు మిథున్ వచ్చాడు.

మిథున్ ట్రాక్టర్ తోలుతుంటే యార్డులో కుర్రాళ్ళు వచ్చి ఫొటోలు దిగారు. దేశంలోని మోటార్‌సైకిల్ రేసుల్లో అన్నిటికంటే పెద్ద తరగతి ఏదో, అందులో ఆ ఏడు అందరికంటే ముందున్నవాడు అతనే. ఇంకొక్క రేసు మిగిలింది. అది గెలిస్తే పై ఏడు విదేశీ ట్రాకుల మీద ఆసియా పోటీలకు పిలుపు ఖాయమని టీము యజమాని చంద్రమోహన్ మాటిచ్చాడు.

"కాంటా అయ్యిందా అక్కా?" అని మిథున్ అడిగాడు. ఇంకా తూకం కాలేదని శ్రీలత చెప్పింది. కాసేపటికి మళ్ళీ అదే మాట అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. చాయ్ తాగి వస్తానని వెళ్ళినవాడు ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ పోయింది. రెండు లారీల నడుమ నిలబడి ఉన్నాడు. తమ ట్రాక్టర్ ఎదురుగానే ఉంది. దాన్నే చూస్తున్నాడు, గుర్తుపట్టడం లేదు. ఆమె చెయ్యి పట్టుకోగానే పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

తాగడానికి నీళ్ళిచ్చి, పత్తి బస్తాల నీడన కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది. పోయిన వారం ప్రాక్టీసులో పడ్డాడు. హెల్మెట్ లోపలివైపు పగిలింది. మోచెయ్యి గీరుకుపోయిందని మాత్రం టీముకు చెప్పి, తలకు తాకిన సంగతి దాచాడు. తలకు దెబ్బ తగిలినవాడు డాక్టరు ఒప్పుకునేదాకా బండెక్కకూడదన్నది రేసుల నియమం. ఒప్పుకోవడానికి వారాలు పడతాయి.

"మరి డాక్టరు పరీక్ష చేస్తె దొరకవా?" అని శ్రీలత అడిగింది.

"సీజన్ మొదట్ల అందరికి పరీక్ష పెడ్తరక్కా. కొన్ని మాటలు చదివి మళ్ళ చెప్పుమంటరు. అప్పుడే కావాల్నని సగం తప్పు చెప్పిన. ఇప్పుడు సగం మర్చిపోయినా తేడా తెల్వది. అందరు గట్లనే చేస్తరు."

మళ్ళీ పడితే ఏంటని ఆమె అడగలేకపోయింది. ఆ ప్రశ్న ఆమె ముఖంలోనే చదివినట్టున్నాడు. తలకాయ పట్టుకుని, కిందికే చూస్తూ అన్నాడు.

"ఎవలకన్న చెప్పినవనుకో, నీకు తమ్ముడు లేడు."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ట్రాక్టర్ తోలడానికి శ్రీలత యార్డులో తెలిసినాయన్ని బతిమాలుకుంది.

ఇంటికొచ్చాక ఆమె నాన్నతో చెప్పి చూసింది. మొగపిల్లలన్నాక దెబ్బలు తగులుతాయనీ, ఇన్నేళ్ళ కష్టం ఒక్క తలనొప్పికి వదులుకుంటారా అనీ ప్రతాప్ కొట్టిపారేశాడు. సర్పంచిగా చేసిన మనిషి. జిల్లాలో ఏ పెళ్ళికి పోయినా కొడుకు మాటే తెచ్చేవాడు. అమ్మ విమల కొడుకు నుదుటికి అమృతాంజనం రాసి, నిద్ర సరిగ్గా పోవడం లేదంది. మిథున్ రేసుకు బయలుదేరి వెళ్ళిపోయాడు. శ్రీలత కాలేజీలో పాఠం చెబుతుంటే బోర్డు మీద సగం రాసిన లెక్క ముందు చెయ్యి ఆగిపోయేది. రెండు లారీల నడుమ నిలబడ్డ తమ్ముడు కళ్ళముందుకు వచ్చేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం కాలేజీ వరండాలో నిలబడి, పోటీల వెబ్‌సైటులో ఉన్న ప్రధాన వైద్యుడి నంబరుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, పేరు బయటపెట్టనన్నాడు. పెట్టినా ఫరవాలేదని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత క్లాసు ఉంది. వెళ్ళి చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు.

శనివారం సాయంత్రం ఆ వైద్యుడు మిథున్‌ను పిలిపించాడు. మాటల పరీక్ష పెట్టలేదు. నేరుగా ట్రాకు దగ్గరి పట్నంలో దవాఖానకు పంపి స్కానింగ్ తీయించాడు. పుర్రె లోపల సన్నగా రక్తం చెమ్మ కనిపించింది. రేపు బండెక్కడానికి లేదని కాగితం మీద రాసిచ్చారు. దవాఖానలో ఉండమన్నా వినకుండా, మందులు తీసుకుని మిథున్ ఆ రాత్రే రైలెక్కేశాడు.

బండి మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని మీద పేర్లు వేయించుకున్న కంపెనీలవాళ్ళు చూడటానికి వస్తున్నారు, టీవీవాళ్ళు వస్తున్నారు. బండి నిలబడిపోకూడదని చంద్రమోహన్ పట్టుపట్టాడు. టీములో ఉన్న ఇంకొక్క రైడర్ శ్యాం.

శ్యాంది చిట్యాల మండలంలో ఒక పల్లె. తండ్రి కొమురయ్య, తల్లి భూలక్ష్మి రెండెకరాల పత్తి మీద బతికేవాళ్ళు. టీములో టైర్లు మోసే పనికి చేరిన శ్యాంకు బండి మీద కూర్చోవడం నేర్పింది మిథునే. ఇప్పుడు చిన్న బండ్ల తరగతిలో నెగ్గుతున్నాడు. ఎప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ వచ్చినా విమల చేతి పచ్చిపులుసు అడిగి పోయించుకునేవాడు. శ్రీలతను "అక్కా" అనేవాడు, మిథున్ ఎట్లా పిలిస్తే అట్లా.

పెద్ద బండి తోలాలంటే ఆ పోటీలో దాని మీద ముందు ప్రాక్టీసు చేసి ఉండాలని కూడా నియమం ఉంది. శ్యాం ఆ బండిని గ్యారేజీలో తుడవడమే తప్ప ట్రాకు మీద తోలింది లేదు. చంద్రమోహన్ పోయి నిర్వాహకులను అడిగాడు. చివరి రేసు, అసలే బండ్లు తక్కువగా ఉన్నాయి. అందరికంటే వెనక నిలబడి మొదలుపెడితే చాలని వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున మిథున్ ఇంటికి చేరాడు. శ్రీలత గుమ్మంలోనే ఉంది. చెప్పింది ఎవరో అతను అడగలేదు. అమ్మానాన్నలు చెప్పరు, ఇక మిగిలింది ఆమె ఒక్కతే. ఆమెను దాటి లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని ఫోన్ మోగుతూ ఉంది. ఎవరో చూడు కొడుకా అని విమల అంటే, తీసి బోర్లా పెట్టాడు. అది మళ్ళీ మోగింది, ఆగింది.

మధ్యాహ్నం ప్రతాప్ హాలులో టీవీ పెట్టాడు. కూతురితో మాట్లాడటం మానేశాడు గానీ, రేసు చూడకుండా ఉండలేకపోయాడు. కొడుకు నంబరున్న ఎర్ర బండి వరుసలో చిట్టచివర నిలబడి ఉంది. దాని మీద శ్యాం ఇంకా సన్నగా కనిపించాడు. జెండా ఊపారు. మొదటి మలుపు తిరిగాడు, రెండోది తిరిగాడు. ప్రతాప్ ముందుకు వంగి కూర్చున్నాడు. ట్రాకు చివర పల్లంలో ఉన్న మలుపు దగ్గర ఎర్ర బండి ముందు చక్రం ఉన్నట్టుండి పక్కకు జారింది. శ్యాం ట్రాకు నడిమధ్యకు పడ్డాడు. పక్కన వస్తున్న బండికి తప్పుకునే చోటు లేకపోయింది.

ఎర్ర జెండాలు ఎగిరాయి. టీవీవాళ్ళు ఆ చోటు మళ్ళీ చూపించలేదు. ఆకాశం చూపించారు, జనాన్ని చూపించారు. అప్పుడు శ్రీలత వెనక్కి తిరిగి చూస్తే మిథున్ గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో.

సాయంత్రం టీము నుంచి శ్యాం ఇక లేడని కబురు వచ్చింది. విమల కొడుకును గట్టిగా పట్టుకుని, దేవుడే ఆపిండు నిన్ను అని ఏడ్చింది. మిథున్ ఆమె చేతులు విడిపించుకుని పెరట్లోకి పోయాడు. ప్రతాప్ చాలాసేపు కుర్చీలోనుంచి లేవలేదు. తర్వాత కూతురి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేశాడు.

"మంచి పని చేసినవ్ బిడ్డా," అన్నాడు.

ఆ మాట కోసం వారం రోజులుగా ఎదురుచూసిన శ్రీలతకు ఇప్పుడది చెంపదెబ్బలా తగిలింది. నాన్న చెయ్యి తీసి పక్కన పెట్టి వంటింట్లోకి పోయి నిలబడింది.

శ్యాంను ఊరికి తెచ్చిన రోజు అందరూ పోయారు. జనంలో వెనకనే నిలబడి శ్రీలత భూలక్ష్మి ముఖం చూడకుండా వచ్చేసింది. దినాలు గడిచాక మాత్రం ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ తల్లికి తన నోటితో చెప్పాలనుకుంది: నేను ఫోన్ చేయకపోతే నీ కొడుకు ఆ బండెక్కేవాడు కాదు అని. పొద్దున్నే బయలుదేరుతుంటే మిథున్ కారు దాకా వచ్చాడు. ఇన్నాళ్ళ తర్వాత ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"శ్యాంగాడు ఆ పొద్దు నాకే ఫోన్ చేసిండక్కా," అన్నాడు. "నేను ఎత్తలే."

శ్రీలత కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"నా బండి వానికిచ్చిండ్రని కడుపు మండింది. బండి ఎట్ల తోలాలె అన్నా అని అడుగుదామని చేసిండు వాడు. టైరు వేడెక్కేదాక ఆ పల్లం మలుపుకాడ ముందు చక్రం బ్రేకు గట్టిగ పట్టద్దు. గదొక్కటే చెప్పేదుండె."

అంతకుమించి చెప్పలేదు. ఆమెతో వస్తాడేమోనని చూసింది. తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

పల్లెలో కొమురయ్య ఇంట్లో లేడు. పత్తి చేను మీదనే ఉండిపోయిందని, వాన మొగులు చూసి ఏరడానికి పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ముందు గదిలో సగం దాకా పత్తి కుప్ప. దానికి ఆనుకుని భూలక్ష్మి కూర్చుని ఉంది. శ్రీలత ఆమె పక్కనే నేల మీద కూర్చుని, తడబడుతూ అంతా చెప్పింది. యార్డు సంగతి, తమ్ముడు పెట్టిన ఒట్టు, తాను చేసిన ఫోను.

భూలక్ష్మి చెయ్యి పత్తి కుప్ప మీదికి పోయింది. పత్తిలోంచి ఒక ఎండాకు తీసి పారేసింది. ఇంకొకటి తీసింది. తిడుతుందని శ్రీలత చూస్తోంది. తిడితే బాగుండుననుకుంది.

"నీ తమ్మునికి నువ్వు ఉన్నవ్ బిడ్డా," అంది చివరికి. "ఫోన్ చేసినవ్, ఆపినవ్. నా కొడుకు కోసం ఎవలు ఫోన్ చెయ్యలే. మాకు గా నంబర్లు తెల్వయి, గా రూల్సు తెల్వయి. పెద్ద బండి ఇచ్చిండ్రమ్మా అని వాడు సంబురపడ్డడు. నేను గూడ సంబురపడ్డ."

శ్రీలత కళ్ళు తుడుచుకుంది. భూలక్ష్మి ఆమెవైపు తిరిగింది.

"ఒక్కటి అడుగుత చెప్పు. మిథున్ అన్నకు ఫోన్ చేసి, అన్న ఎట్ల చెప్తే అట్ల తోల్త అన్నడు వాడు నాతోని. ఏం చెప్పిండు మిథున్?"

ఒట్టు తీసి గట్టున పెట్టి నిజం చెప్పిన మనిషి శ్రీలత. ఇక్కడికి కూడా నిజం చెప్పాలనే వచ్చింది. కానీ ఆ కళ్ళు చూసింది. కొడుకు చివరి పొద్దున ఎవరో ఒకరు వాడికి పలికారనే మాట కోసం ఆ తల్లి ఎదురుచూస్తోంది.

"నిమ్మలంగ తోలుమన్నడట," అంది శ్రీలత. "పైలం, పాణం జాగ్రత్త అన్నడట."

"గట్లనే అంటడు," అంది భూలక్ష్మి తల ఊపుతూ. "సొంత తమ్ముని లెక్క చూసుకునేటోడు."

దారి పొడుగునా శ్రీలత ఆ అబద్ధాన్ని మింగలేక, కక్కలేక ఇల్లు చేరింది. మిథున్‌కు చెప్పలేదు.

నెల తిరక్కుండానే ఆ ప్రమాదం మీద విచారణ జరిగింది. మిథున్ పోయి తలదెబ్బ దాచిన సంగతి, సీజన్ మొదట్లో పరీక్ష కావాలని చెడగొట్టిన సంగతి దాపరికం లేకుండా చెప్పాడు. అతని లైసెన్సు ఏడాది ఆపేశారు. చంద్రమోహన్ టీమును మూసేశాడు. శ్యాంకు అనుమతి ఇచ్చిన నిర్వాహకులు తమ చేతిలో ఉన్న అధికారం ప్రకారమే ఇచ్చామన్నారు. ప్రాక్టీసు చేయనివాడికి ఇకమీదట ఎవరూ, ఏ కారణం చేతా సడలింపు ఇవ్వడానికి వీల్లేదని కొత్త నియమం వచ్చింది. పేపరులో పడితే ప్రతాప్ పైకి చదివాడు. మిథున్ సగంలోనే లేచి బయటికి పోయాడు.

అదే వారం అతను ఒక్కడే బస్సెక్కి చిట్యాల పోయాడు. భూలక్ష్మికి అంతా చెప్పేయాలని పోయాడు. పొద్దు వాలేవేళకు తిరిగొచ్చి శ్రీలత ముందు కూర్చున్నాడు.

"అక్కా, నన్ను చూడంగనే దగ్గరికి పిలిచింది. తలకాయకు తాకిన దెబ్బ మానిందా బిడ్డా అని చేత్తోని నిమిరింది. నా కొడుక్కు ఆఖరికి మంచి మాట చెప్పినవ్, నీ కడుపు సల్లగుండ అన్నది." ఆగాడు. "ఏం చెప్పినవక్కా నువ్వు?"

శ్రీలత చెప్పింది. అతను లేచి పెరట్లో కాళ్ళు కడుక్కుని వచ్చాడు. కోపపడలేదు. విమల అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఏడాది గడిచాక డాక్టర్లు తల బాగుందన్నారు. లైసెన్సు తిరిగి ఇస్తామని కబురు వచ్చింది. అతను దాన్ని తీసుకోవడానికి పోలేదు. కొమురయ్యకు చేతకానప్పుడల్లా చిట్యాల పోయి చేనులో మందు కొట్టి, పత్తి ఏరించి వస్తున్నాడు. రెండు రోజులు అక్కడే ఉండిపోతాడు ఒక్కోసారి. ఆ పొద్దు ఫోన్ ఎత్తని సంగతి భూలక్ష్మికి చెప్పాడో లేదో శ్రీలతకు తెలియదు. చిట్యాల నుంచి వచ్చిన ప్రతిసారీ అతని ముఖం చూస్తుంది. ఇంకా అడగలేదు.