ఒక రకం తక్కువ

పదకొండో పెట్టెలోంచి నాలుగు క్యారెట్లు తీసి, ఒకదాన్ని విరిచి, విరిగిన చప్పుడు చెవిన వేసుకుని, "రెండో రకం" అన్నాడు నిక్కచ్చి. గుమస్తా రాసుకున్నాడు. సరుకు తెచ్చిన రైతు ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఆ టోకు మార్కెట్లో సరుకు రకం తేల్చడంలో ఇరవై ఆరేళ్ళుగా నిక్కచ్చి మాటకి ఎదురు లేదు. అసలు పేరు ఉద్యోగం కాగితాల మీదే మిగిలిపోయింది.

పొట్టి మనిషి. పెట్టెల మీద వంగీ వంగీ వెన్ను కొడవలిలా తిరిగింది. కుడి బొటనవేలి గోటి కింద ఎప్పుడూ ఆకుపచ్చ చార. ముందు వాసన చూస్తాడు, తర్వాత నొక్కుతాడు, ఆ తర్వాతే విరుస్తాడు. ఆ వరుస ఏనాడూ తప్పలేదు. ఇవాళ మాత్రం ఒకే పెట్టెకి రెండుసార్లు రకం చెప్పాడు. గుమస్తా తలెత్తి చూశాడు.

పొద్దున ఏడింటికి అక్క ఫోన్ చేసింది. భర్త స్నానానికి వెళ్ళినప్పుడే చేస్తుందామె. అందుకే ఆ అక్కాతమ్ముళ్ళ కబుర్లు రెండు బకెట్ల నీళ్ళకి మించి సాగవు.

"ఒరేయ్, ఇవాళ మీ మార్కెట్ వాళ్ళ విందు ఆ తోట హోటల్లోనేగా?"

"ఔనక్కా."

"మీ బావ గురువారం గురువారం అక్కడే సరుకు దింపుతాడు. రాత్రికి తినేవాళ్ళ ముందుకి పిలిచి రెండు ముక్కలు మాట్లాడిస్తార్ట, పెద్ద నాయకుడిలా. నువ్వొక్క మాట అను, చాలు. మెత్తబడ్డాడు. నిన్న నీ గురించి అడిగాడు కూడా."

"ఏమని?"

"'మీవాడు ఇంకా అందరివీ విరిచి చూస్తున్నాడా' అని. ఇదిగో, నీళ్ళ చప్పుడు ఆగింది. పెట్టేస్తున్నా."

తొమ్మిదేళ్ళ కిందట బావ తన తోటలో మొదటి కాపు క్యారెట్లు ఇదే మార్కెట్ అరుగు మీదికి తెచ్చాడు. వంకరటింకరగా ఉన్నాయి, మట్టి అంటుకుని ఉన్నాయి. కానీ విరిస్తే గాజుపుల్లల్లా విరిగాయి. ఎంత కఠినంగా చూసినా రెండో రకం. నిక్కచ్చి ఆ మాట అనబోయాడు. వెనక గుమస్తా, తూకం మనిషి, ఇంకో పదిమంది నిలబడి చూస్తున్నారు. బావ సరుకని ఒక రకం పెంచాడంటారేమోనని ఒక రకం తగ్గించాడు.

"మూడో రకం."

బావ అతని మొహంలోకి కాసేపు చూశాడు. "మనవాడివని నీ దగ్గరికి తెచ్చాను. పరాయివాడైతే రెండోది అనేవాడు" అని, పెట్టెలన్నీ తనే మోసుకుని బండికెక్కించుకున్నాడు. మళ్ళీ ఆ అరుగెక్కలేదు. బావమరిదిని తన గడపా ఎక్కనివ్వలేదు.

బేరం అన్నాక వచ్చిందేమిటో, పోయిందేమిటో రెండూ చూసుకోవాలి. వచ్చింది పేరు. సొంత బావకే మూడో రకం వేశాడన్న కథ ఊరంతా పాకి, 'నిక్కచ్చి' అన్న మాట ఆ రోజే పుట్టింది. పోయింది అక్క చేతి అన్నం, మేనకోడలి పెళ్ళిలో మేనమామ కుర్చీ, ఎండాకాలం మధ్యాహ్నాలు బావతో ఆడుతూ తిట్టుకునే చదరంగం. ఆ పేరు కూడా కల్తీ సరుకేనని అతనికొక్కడికే తెలుసు. న్యాయంగా చెప్పి బావని పోగొట్టుకునుంటే నిద్రపట్టేది. అబద్ధం చెప్పి పోగొట్టుకున్నాడు. ఇవాళ చెప్పవలసింది ఒక్కటే: 'అవి రెండో రకం, బావా.'

నాలుగింటికి పని ముగిసింది. "ఐదింటికే వ్యాను బయల్దేరుతుంది, ఎక్కు" అన్నాడు యజమాని. "ఇంటికెళ్ళి వస్తానండీ" అన్నాడు నిక్కచ్చి. గెడ్డం గీసుకున్నాడు. ఒక చొక్కా తొడిగి విప్పాడు, ఇంకోటి తొడిగాడు.

"పెళ్ళిచూపులకా?" అంది భార్య.

"బావతో ఒక మాట చెప్పాలి."

"ఒక్క మాటకి రెండు చొక్కాలా? తొమ్మిదేళ్ళు ఆగినవాడివి, మూడోది కూడా చూసుకో."

మూడోది చూసుకోలేదు గానీ, అద్దం ముందు ఆ మాటని ఎన్ని రకాలుగానో అని చూశాడు. హోటల్ చేరేసరికి ఏడు దాటింది.

పాత గోదాముని హోటల్ చేశారు. ఇటుకలకి సున్నం వేయలేదు. నల్లబల్ల మీద సుద్దతో ఏ కూర ఏ తోటదో రాసిపెట్టారు. పొడుగాటి చెక్కబల్ల చుట్టూ మార్కెట్ వాళ్ళు పద్నాలుగు మంది సర్దుకుని కూర్చున్నారు. చివరి కుర్చీ అతనికి మిగిలింది. అక్కణ్ణుంచి వంటగది తలుపు కనిపిస్తుంది.

నల్లటి పళ్ళాల్లో కాల్చిన క్యారెట్లు వచ్చాయి, ఆకులతో సహా, కాళ్ళు పెనవేసుకుని.

"మనం వెనక్కి పంపే సరుకు వీళ్ళు పళ్ళెంలో పెట్టి పొగిడించుకుంటున్నారు" అన్నాడు గుమస్తా.

"ఆకులు కూడా తినాలా, చూడ్డానికేనా?" అన్నాడు తూకం మనిషి.

"తిను. తూకంలో వాటినీ కలిపే వేస్తావుగా" అన్నాడు గుమస్తా.

అందరూ నవ్వారు. నిక్కచ్చి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో లక్ష క్యారెట్లు విరిచుంటాడు, తిన్నవి తక్కువ. తీపి నాలుక చివర ఆగకుండా లోపలిదాకా వెళ్ళింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ తిప్పి చూశాడు. ప్రతిసారీ పళ్ళాలే వచ్చాయి. రైతు ఎప్పుడొస్తాడని వెయిటర్ని అడిగితే, "ఇవాళ రాలేరండీ" అని పక్కకి తప్పుకుపోయాడు.

కాసేపటికి పెద్ద వంటవాడే వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ వంగి, "మీలో సరుకు రకం తేల్చేవారెవరండీ?" అని మెల్లగా అడిగాడు. నిక్కచ్చి లేచి అతని వెంట వంటగది దాటి పెరటి గుమ్మందాకా వెళ్ళాడు.

"ఐదింటికి మీ బావగారు సరుకు దింపారు. ఎవరి విందు అని అడిగారు, చెప్పాను. 'ఆ విరిచేవాడు కూడా వస్తాడా' అన్నారు. అందరూ వస్తారన్నాను. మామూలుగా బూట్లతోనే లోపలికొచ్చేస్తారు. ఇవాళ మాత్రం, 'వాడికి మట్టి గిట్టదు, కడుక్కుని వస్తాను' అని నవ్వుకుంటూ ఇక్కడ కూర్చున్నారు. ఎంతకీ రాకపోతే వచ్చి చూశాను. గోడకి ఆనుకుని ఉన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం." వంటవాడు ఆగాడు. "మీ ఫోన్ కలవక ఇప్పుడే మీ అక్కగారు ఇక్కడికి చేశారు. లాభం లేకపోయిందట. మిమ్మల్ని రమ్మన్నారు."

నిక్కచ్చి ఆ గోడకేసి చూశాడు.

"రెండో రకం" అన్నాడు.

"ఇవాళ్టివా?" వంటవాడి మొహం చిన్నబోయింది.

"కాదు. తొమ్మిదేళ్ళ కిందటివి."

వంటవాడికి అర్థం కాలేదు. "బండి పిలుస్తాను" అని లోపలికి వెళ్ళాడు.

కుళాయి కింది మెట్టు మీద రబ్బరు బూట్ల జత పక్కపక్కనే ఉంది. ఒకటి శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది. రెండోదానికి మట్టి ఇంకా తడిగానే ఉంది.